వెంకటరమణమ్మ ఇంటికి పోయిన గిన్నె

పులివెందులలో ఆ వీధి వీధంతా ఒప్పుకునే మాట ఒకే ఒక్కటి ఉంది. వెంకటరమణమ్మ ఇంటికి పోయిన గిన్నె తిరిగి రాదు. కుళాయి నీళ్లు ఎన్ని గంటలకు వదలాలన్న దాని మీద ఆ వీధిలో రెండు పార్టీలున్నాయి. మలుపు దగ్గర పడుకునే నల్లకుక్క ఎవరిదన్న దాని మీద మూడున్నాయి. గిన్నెల సంగతికి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకే పార్టీ.

అలాగని ఆమెను దొంగ అనడానికి లేదు. దొంగ అయితే దాస్తుంది. వెంకటరమణమ్మ దాచదు. వంటింటి సజ్జ మీద అందరి సామాన్లూ తోమి, తుడిచి, వరసగా బోర్లించి పెడుతుంది. స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించుకోవడం మనకు అలవాటు కదా, ఆ పేర్లు వాకిట్లో నిలబడ్డవాళ్లకు కూడా కనపడేటట్టు తిప్పి మరీ పెడుతుంది. ‘హేమలత వివాహ సందర్భముగా’ అన్న బేసిన్ అక్కడుంది. ఆ హేమలత కూతురు చందన ఇప్పుడు ఇడుపులపాయలో ఇంజనీరింగు చదువుతోంది. ‘అబ్దుల్ సలాం, టైలర్’ అన్న పళ్లెం ఉంది. ‘వాలీబాల్ ద్వితీయ బహుమతి’ అన్న చెంబు కూడా ఉంది. అది ఎవరిదో, వాళ్లను ఓడించిందెవరో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

ఎవరైనా వాకిట్లోకొచ్చి అడిగితే జవాబు ఒకటే.

“ఉత్త గిన్నె ఇయ్యగూడదు పాపా. నీ గిన్నెకు బీరకాయ రాసిపెట్టినా. బీర కాయనీ.”

ఉత్త గిన్నె తిరిగి పంపకూడదన్న పద్ధతి అందరిళ్లలోనూ ఉన్నదే. మనమైతే చారెడు చక్కెరో, రెండు అరటిపండ్లో వేసి పంపేసి చేతులు దులుపుకుంటాం. వెంకటరమణమ్మ దృష్టిలో అది మోసం. గిన్నెలో పోయేది తన పెరట్లో కాసినదై ఉండాలి, తన చేత్తో వండినదై ఉండాలి, ఆ గిన్నెకు నప్పినదై ఉండాలి. ఈ మూడూ ఒకే రోజు కుదరాలి. అవి కుదరవు. గిన్నె కదలదు.

ఇంతా చేసి ఆమె పిసినారి కూడా కాదు. పెరట్లో నాలుగు సెంట్ల నేలలో లేని కూరగాయ లేదు. వంకాయలు, బెండకాయలు, పందిరి మీద సొర, గోడ మీద కాకర, బియ్యం కడిగిన నీళ్లు పారే చోట గోంగూర. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ కొంగులో వేసి పంపుతుంది. “కాయలు కావాలంటే కోసుకుపో. గిన్నె మాత్రం అడగద్దు,” అంటుంది. మనిషి తత్వమే అంత.

ఆమె ముక్కు గురించి కూడా ఒక మాట చెప్పాలి. గోడకు ఇవతల నిలబడి అవతలింట్లో ఏ కూరకు తిరగవాత పెడుతున్నారో చెప్పేస్తుంది. ఆవాలు చిటపటమనకముందే కరివేపాకు వేసిన ఇల్లు ఏదో, వెల్లుల్లిని, అదే తెల్లగడ్డను, మాడ్చిన కోడలు ఎవరో ఆమెకు తెలుసు. తెలుసుకుని ఊరుకోదు. గోడ మీదుగా కేకేసి చెబుతుంది.

ఈ ముక్కుకూ ఈ సజ్జకూ పక్కింట్లోకి, ఏమీ తెలియకుండా, ఒక ఆగస్టు నెలలో విమల అద్దెకు దిగింది.

విమలది జమ్మలమడుగు. ప్రైవేటు బడిలో మూడో తరగతికి టీచరు. భర్త పాల్ రాజు తుమ్మలపల్లె గనికి మనుషుల్ని చేరవేసే వ్యాను తోలతాడు. ఒక కాంట్రాక్టరు కింద పని. విమల తల్లి సారమ్మ ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. ఆ రోజు తోటి ఆయాలంతా కలిసి ఆమెకొక మూతగిన్నె కొనిచ్చారు. ‘డి. సారమ్మకు, ప్రేమతో’ అని గుండ్రటి అక్షరాలు కొట్టించి ఇచ్చారు. ఆ గిన్నెను సారమ్మ కూతురి పెళ్లిలో కూతురికి ఇచ్చింది. ఇస్తూ, “గిన్నె జాగ్రత్త. మాట జాగ్రత్త. ఎవురి దగ్గరా చెయ్యి చాపొద్దు,” అని మూడు ముక్కలు చెప్పింది. మూడింటినీ విమల వేదవాక్కుల్లా పట్టుకుంది. కొత్తలో గోడ మీదుగా వెంకటరమణమ్మ వంకాయలు అందిస్తే కూడా, “వద్దు పెద్దమ్మా, మాకు ఉండాయి,” అని నవ్వుతూ వెనక్కిచ్చేది.

కొత్తగా దిగిన ఇంటి నుంచి పక్కిళ్లకు ఒక కూర పంపడం మర్యాద కదా అని, రెండో ఆదివారం మటిక్కాయలు వండింది. గోరుచిక్కుడును అక్కడ మటిక్కాయలంటారు, వేరుశనగల్ని చెనిక్కాయలంటారు. చెనిక్కాయల పొడి వేసి, దగ్గరగా వేపి, తల్లి గిన్నెలో పెట్టి తనే తీసుకుపోయి ఇచ్చి వచ్చింది.

ఎదురింటి ఖమర్‌బీ అది చూసింది. టైలరు అబ్దుల్ సలాం భార్య ఆమె.

“ఏం గిన్నెలో ఇచ్చినావు విమలా?”

“మాయమ్మ గిన్నెలో అక్కా.”

“యా అల్లా! ఒక్క మాట నన్నడిగింటే ప్లాస్టిక్ డబ్బాలో ఇయ్యమందును గదా!”

“ఎందుకక్కా?”

“ఏం లేదులే. ఆ గిన్నెను బాగా ఒకసారి తలుచుకుని మర్చిపో,” అని ఖమర్‌బీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ లోపలికి పోయింది.

వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. గిన్నె రాలేదు.

విమలకు గిన్నె పోయిన దిగులు ఒకటైతే, దాని వెనక ఇంకో దిగులుంది. అది ఎవరికీ చెప్పలేదు. ఇంతకుముందు వేరే ఊళ్లో అద్దెకున్నప్పుడు, వీళ్లు ఆదివారం చర్చికి పోయేవాళ్లని తెలిశాక, పక్కింటామె విమల పంపిన పాయసం తను ముట్టకుండా పనిమనిషికి ఇచ్చేసింది. గిన్నెను మాత్రం గంటలోపే తళతళ తోమి తిప్పి పంపింది. ఇక్కడ గిన్నె రానే రావడం లేదు. కూర తిన్నారో, పారబోశారో తెలియదు. అడుగుదామంటే నోరు రాదు.

ఆ సంగతి ఒక మంగళవారం, కొత్తిమీర బండి దగ్గర, వీధి ఆడవాళ్లంతా ఉండగా తేలిపోయింది.

“ఏం పాపా, మొన్న నీ మటిక్కాయల్లో చెనిక్కాయపొడి మాడింది గదా?” అని వెంకటరమణమ్మ నలుగురి మధ్యలో అడిగేసింది.

విమల మొహం ఎర్రబడింది. “మాడిందా పెద్దమ్మా?”

“మాడింది. రెండుసార్లు ఏసుకున్యా. అయినా చెప్తాండా, మాడింది. ఉప్పు కూడా రవ్వంత తక్కువ. మాయప్పకు కూడా మిగల్లేదు, లేకుంటే ఆయప్పా చెబుతాండె.”

మాయప్ప అంటే భర్త నారాయణ. విమల ఇంటికొచ్చేదాకా కోపంగా నడిచింది. ఇంట్లోకొచ్చి కూర్చుని ఒక్కతే నవ్వుకుంది. పాల్ రాజు అడిగాడు. “ఏమాయ? తిట్టిందా?”

“శానా తిట్టింది. రెండుసార్లు ఏసుకుని తినిందంట.”

ఆ దిగులు తీరింది కాబట్టి ఇక గిన్నె మీద పడింది విమల. మర్నాడే వెళ్లి అడిగింది.

“గిన్నె యాడికి పోతాది పాపా? మీయమ్మ గిన్నెకు కాకరకాయ రాసిపెట్టినా. కాకర కాయనీ.”

కాకర కాసింది. విరగకాసింది. గోడ మీద నుంచి విమల వాకిట్లోకి కూడా వేలాడింది. విమల ఒక కాయను వేలితో చూపించి, “కాసినాయి పెద్దమ్మా,” అంది.

“అవి వేపుడు కాకర. మీయమ్మ గిన్నెకు మూత ఉండాది. మూత గిన్నెలో వేపుడు పెడితే మెత్తబడతాది. పులుసు కాకర రావాల,” అంది వెంకటరమణమ్మ.

పులుసు కాకర, వేపుడు కాకర అని రెండు రకాలుంటాయని విమల అంతకుముందు వినలేదు. తర్వాత కూడా ఎవరి నోటా వినలేదు.

టీచరు బుర్ర కదా, ఒక ఉపాయం తట్టింది. ఇంకో వంటకం పంపితే మొహమాటానికైనా పాత గిన్నె ఇస్తుంది అనుకుంది. ఒక పొద్దున బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి, మూతడబ్బాలో పెట్టి పంపింది. డబ్బా పోయింది. రెండింటికీ కలిపి అడుగుదామని అలసంద వడలు చేసి పళ్లెంలో పంపింది. పళ్లెం పోయింది. పెసరపప్పు పాయసం పాలగిన్నెలో పోయింది. పాలగిన్నె కూడా పోయింది. పోయిన ప్రతి దానికీ సజ్జ మీద చోటు, పెరట్లో ఒక కాయ కేటాయింపు జరిగిపోయాయి. డబ్బాకు సొరకాయ, పళ్లేనికి బెండకాయ, పాలగిన్నెకు గోంగూర.

పాల్ రాజు టీ గ్లాసులో చారు పోసుకుని తాగుతూ అన్నాడు. “ఇంగొక్కటి పంపు విమలా. రేపటి నుంచి కుక్కరు చుట్టూ కూచుని తిందాం.”

“నువ్వు నవ్వద్దు. అది మాయమ్మ గిన్నె.”

నారాయణను పట్టుకుంటే పని అవుతుందేమో అని కూడా చూసింది. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. “మామా, నువ్వన్నా అది తీసి ఇయ్యి,” అని విమల బతిమాలింది.

“ముప్పై మూడేండ్లు బస్సులో ఎవుర్ని యాడ దింపాలో నేనే చెప్పినా తల్లీ. మా ఇంట్లో సజ్జ మీద నుంచి గిన్నెను దింపే అధికారం మాత్రం నాకు ల్యా,” అన్నాడాయన. అయినా విమల మొహం చూసి జాలిపడి, భార్య పెరట్లో ఉండగా స్టూలు వేసుకుని ఎక్కాడు. చెయ్యి గిన్నె మీద పడిందో లేదో వెనక నుంచి కేక వినపడింది.

“స్టూలెక్కేంత బలమొచ్చిందే నీ కాళ్లకు! రా, వచ్చి సొరపందిరికి కట్టె కట్టు.”

ఆ మధ్యాహ్నమంతా నారాయణ పందిరి కడుతూనే ఉన్నాడు. గోడ మీదుగా విమలను చూసి, రైట్ రైట్ అన్నట్టు చెయ్యి ఊపాడు.

క్రిస్మస్ వచ్చింది. విమల కజ్జికాయలు చేసి వీధంతా పంచింది. బుద్ధి తెచ్చుకుని వెంకటరమణమ్మకు మాత్రం కాగితం పొట్లంలో కట్టి పంపింది. అయిదు నిమిషాల్లో ఆమె గోడ దగ్గరికి వచ్చి నిలబడింది. “ఏం పాపా, నేనేమన్నా బస్టాండులో కొనుక్కుంటాండానా, పొట్లంలో ఇచ్చినావు?” అంది. ఆ కంఠంలో నిజంగా నొచ్చుకున్న జీర విని, విమల బేసిన్‌లో ఇంకో ఇరవై పెట్టి ఇచ్చింది. అలా బేసిన్ కూడా వెళ్లిపోయింది.

పండక్కు వచ్చిన సారమ్మ రెండో రోజు వంటింట్లో సామాన్లు చూసి, “నా గిన్నె యాడే?” అంది. దాచి లాభం లేదని విమల ఉన్నదంతా చెప్పింది. సారమ్మ లేచి చీర సర్దుకుంది. వార్డులో పెద్ద పెద్ద డాక్టర్లకు కూడా జవాబు చెప్పిన మనిషి ఆమె. జమ్మలమడుగు నుంచి తెచ్చిన మూడు గిన్నెల క్యారియరులో కాస్త కోడికూర, ఇంత పులగం పెట్టుకుని, “ఉత్త చేతుల్తో పోతే బాగుండదు. మాటలు నేను మాట్లాడతా, నువ్వు ఈడే ఉండు,” అని పక్కింటికి బయల్దేరింది.

గంటన్నర అయ్యింది. అవతల నుంచి కేకలు వినిపిస్తాయని విమల గోడ దగ్గరే నిలబడింది. నవ్వులు వినిపించాయి. సారమ్మ చివరికి ఒడి నిండా గోంగూరతో తిరిగొచ్చింది.

“మంచి మనిషే పాపా ఆమె. శానా మంచి మనిషి. గోంగూరలో తెల్లగడ్డ పచ్చిదే దంచెయ్యాలంట, తెలుసునా?”

“గిన్నె యాదమ్మా?”

“గిన్నెకు కాకరకాయ రాసిపెట్టిందంటనే.”

“క్యారియరు?”

సారమ్మ తన రెండు చేతులూ చూసుకుంది. “దానికి వంకాయ అనింది,” అంది నెమ్మదిగా.

క్యారియరును మూడుగా లెక్కేస్తే, ఎనిమిది సామాన్లతో ఆ ఏడు గడిచిపోయింది.

తర్వాత ఏప్రిల్ ఆఖర్లో పాల్ రాజు పనికి పోతూ, వెంపల్లె రోడ్డు మీద కుక్క అడ్డమొస్తే బైకు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. నెలన్నర పైగా కట్టు విప్పకూడదన్నారు. కాలు కదపలేని డ్రైవరును కాంట్రాక్టరు మాత్రం ఏం చేసుకుంటాడు? జీతం ఆగింది. విమల బడికి ఎండాకాలం సెలవులు. సెలవుల్లో ఆ బడిలో జీతాలివ్వరు. ఉన్నది ఆస్పత్రికి పోయింది.

వీధివాళ్లు చూడ్డానికొచ్చారు. ఏమన్నా కావాలంటే చెప్పమన్నారు. “ఏం ఇబ్బంది లేదు,” అని విమల అందరికీ ఒకే మాట చెప్పింది. తల్లికి ఫోనులో కూడా అదే చెప్పింది. ఖమర్‌బీ ఒకరోజు పళ్లెంలో ఏదో తెస్తే, “ఇప్పుడే తిన్యామక్కా,” అని వాకిట్లోనే మర్యాదగా తిప్పి పంపింది. భర్తకు ఇంత అన్నం, పాలు ఇచ్చి, తను మధ్యాహ్నం సంగటి ముద్దలో ఊరగాయ నంజుకుని సరిపెట్టుకునేది. నూనె సీసా అడుగంటింది. తిరగవాత పెట్టడం మానేసింది. పక్కింటి ముక్కు గుర్తొచ్చి వంటింటి కిటికీ మూసేసింది.

మూడో రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే, ఎండలో వెంకటరమణమ్మ. చేతిలో సారమ్మ క్యారియరు.

“ఏంది పాపా, కిటికీలేసుకున్నారు?”

“ఎండ పెద్దమ్మా.”

“ఎండకు కిటికీలేస్తారు గానీ, పొయ్యి ఆర్పుకుంటారా? మూడు దినాలాయ మీ ఇంట్లో తిరగవాత వాసన రాక.”

“ఆయనకు పత్యం. అందుకే...”

“కాలిరిగింది ఆయప్పకు. నీకేం ఇరిగింది?”

విమల తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. తల్లి మాట గుర్తుంది కదా. “మాకేం ఇబ్బంది లేదు పెద్దమ్మా. మేము ఎవురి దగ్గరా ఏమీ తీసుకోము. ఏమనుకోవద్దు,” అంది.

“తీసుకోమని ఎవరన్నారు? నేను ఇచ్చేదానికొచ్చినానా?” అని వెంకటరమణమ్మ కసురుకుంది. క్యారియరును ఎత్తి, పేరు కొట్టి ఉన్న వైపు విమల కళ్లకు దగ్గరగా పెట్టింది. “చదువు. డి. సారమ్మ. నాలుగు నెలలాయ మా ఇంట్లో పడి. మీ సామాను మీకు తెచ్చి ఇస్తాండా, అంతే.”

“దాంట్లో ఏదో ఉంది పెద్దమ్మా...”

“ఉత్త గిన్నె ఇయ్యగూడదు గదా.”

తొమ్మిది నెలలుగా ఆ మాట వింటోంది విమల. విన్నప్పుడల్లా ఒళ్లు మండేది. ఆ రోజు మాత్రం మండలేదు. తన గిన్నెను తను వద్దని ఎట్లా అంటుంది? చేతులు చాపి తీసుకుంది. కింది గిన్నెలో వేడి సంగటి, మధ్య గిన్నెలో గుత్తివంకాయ, పై గిన్నెలో రోట్లో దంచిన ఊరిబిండి పచ్చడి. పాల్ రాజు మంచం మీద నుంచి వాసన పట్టి, “ఎవురు విమలా?” అన్నాడు.

“మన క్యారియరు వచ్చింది,” అంది విమల. ఆ పూట ఆమె చాలా రోజులకు రెండోసారి వడ్డించుకుంది. కళ్లు తుడుచుకుంటూ తినింది. ఊరిబిండిలో కారం కూడా ఎక్కువే ఉందనుకోండి.

మర్నాడు పాలగిన్నె వచ్చింది, గోంగూర పప్పుతో. ఆ తర్వాత డబ్బా, సొరకాయ కూరతో. పళ్లెం, బెండకాయ వేపుడుతో. బేసిన్‌లో ఏకంగా చిత్రాన్నం వచ్చింది. దానికి ఏ కాయ రాసిపెట్టిందో అడగడం విమల మర్చిపోయింది. అయిదు రోజుల్లో ఏడు సామాన్లు ఇల్లు చేరాయి. తల్లి గిన్నె ఒక్కటే మిగిలింది. అది కూడా వచ్చేస్తే ఇక అయిపోతుందని విమల మనసులో లెక్కేసుకుంటూ ఉంది. ఆరో రోజు పొద్దున్నే గోడ మీద వెంకటరమణమ్మ తలకాయ కనిపించింది.

“ఏం పాపా, మీయమ్మ గిన్నె తప్ప మీ సామాన్లు నా దగ్గర అయిపాయ. నువ్వేమీ పంపవా ఇంగ? పక్కింట్లో ఉండి పలకరింపు కూడా ల్యాకపాయ!”

“ఏం పంపేది పెద్దమ్మా? ఏమీ వండల్యా.”

“వండకుంటే మీ వాకిట్లో కరేపాకు చెట్టు ల్యా? ఒక రెబ్బ వేసి పంపు. గిన్నె రాకుండా గిన్నె యట్ల పంపేది? పద్ధతి ఉండల్ల్యా?”

విమల రెబ్బ కరివేపాకు తెంపి, కడిగి, పాలగిన్నెలో వేసి పంపింది. పొద్దున పోయిన గిన్నె మధ్యాహ్నానికల్లా నిండుగా తిరిగొచ్చింది. ఆ వీధిలో అంత త్వరగా ఒక గిన్నె తిరిగి రావడం విమల చూడటం అదే మొదలు. నారాయణ దాన్ని అందిస్తూ, “ఎక్స్‌ప్రెస్ సర్వీసు తల్లీ. మధ్యలో యాడా ఆగదు,” అన్నాడు.

కట్టు విప్పేదాకా అలాగే నడిచింది. పొద్దున విమల గిన్నె గోడ దాటి అటు పోయేది. అందులో ఒకరోజు గుప్పెడు వేయించిన చెనిక్కాయలు, ఒకరోజు రెండు నిమ్మకాయలు. ఒకరోజు వెతికితే ఇంట్లో ఏమీ కనపడక, నాలుగు ఉప్పురాళ్లు వేసి, సిగ్గుపడుతూ మూత పెట్టి పంపింది. మధ్యాహ్నం గోడ అవతల నుంచి కేక వచ్చింది.

“పాపా! ఈ పొద్దు నీ వంటలో ఉప్పు సరిపాయ!”

విమల పొట్ట పట్టుకుని నవ్వింది. మంచం మీద పాల్ రాజు కూడా నవ్వి, కాలు కదిలి, అబ్బా అన్నాడు.

జూన్ చివర్లో పాల్ రాజు మళ్లీ వ్యాను ఎక్కాడు. బడి తెరిచారు. ఒక సాయంత్రం విమల ఖమర్‌బీ అరుగు మీద కూర్చుని, “అక్కా, నీ పళ్లెం కూడా ఆ సజ్జ మీదనే ఉండాది గదా, ఎప్పుడన్నా వచ్చిందా?” అని అడిగింది.

“రాకేం? మూడేండ్ల కిందట మాయప్పకు కడుపులో ఆపరేషనాయ. మిషను తొక్కద్దన్నారు. నేనూ నీ మాదిరే, ఎవురేమిచ్చినా వద్దన్యా. ఊరికే ఇస్తే తీసుకుంటామా విమలా? మన పళ్లెం మనకొస్తే కాదంటామా?” ఖమర్‌బీ చేతిలోని బట్టకు గుండీ కుడుతూ చెప్పింది. “పదహైదు దినాలు వచ్చింది ఆ పళ్లెం. ఆయప్ప లేచి మిషనెక్కినాక, హల్వా పెట్టి నేనే మల్లా ఆమె ఇంట్లో ఇచ్చొచ్చినా. ఆడుంటేనే నాకు ధైర్యం.”

“మరి మొదట్లోనే నాకు చెప్పొచ్చు గదా అక్కా? గిన్నె కోసం నేను ఎంత కొట్టుకున్యానో!”

“చెప్తే నువ్వు గిన్నె పంపుతావా?” అంది ఖమర్‌బీ.

విమల ఆలోచించింది. పంపేది కాదు. చచ్చినా పంపేది కాదు.

ఆ ఆదివారం తల్లి ఫోను చేసింది. అన్నీ మాట్లాడి చివర్లో, “నా గిన్నె వచ్చిందా?” అంది. విమల గోడ వైపు చూసింది. తెరిచిన కిటికీలోంచి పక్కింటి సజ్జ, దాని మీద ‘ప్రేమతో’ అన్న అక్షరాలు కనపడుతున్నాయి.

“ల్యామా. ఆడే ఉండాది. ఉండనీలే,” అంది.

కథ ఇక్కడితో అయిపోవాల్సిందే. అయితే విమల టీచరు. నేర్చుకున్నది ఊరికే ఉంచుకునే రకం కాదు.

వానలు పడ్డాక ఒక పొద్దున వెంకటరమణమ్మ బీరతొక్కు పచ్చడి నూరి, తొందరలో తన సొంత గిన్నెలోనే పెట్టి పంపింది. ‘ఎన్. వెంకటరమణమ్మ’ అని కొట్టించుకున్న ఇత్తడి గిన్నె అది, పచ్చళ్ల కోసం లోపల కళాయి పూయించినది. ఆమెకు ప్రాణం. ఒకరోజైంది. మూడు రోజులైంది. వారమైంది. గిన్నె తిరిగి పోలేదు. ఎనిమిదో రోజు ఆమె గోడ దగ్గర కాదు, నేరుగా విమల వాకిట్లోకే వచ్చి నిలబడింది.

“నా గిన్నె యాడ పాపా?”

విమల వంటింట్లో కొత్తగా కొట్టించిన చెక్క అల్మర వైపు చూపించింది. దాని పైన ఇత్తడి గిన్నె బోర్లించి ఉంది. పేరు బయటికి తిప్పి ఉంది.

“ఉత్త గిన్నె ఇయ్యగూడదు గదా పెద్దమ్మా. నీ గిన్నెకు కాకరకాయ రాసిపెట్టినా. కాకర కాయనీ,” అంది విమల, మొహంలో నవ్వు కనపడనీయకుండా.

వాకిట్లో పాత పెయింటు డబ్బాలో మట్టి పోసి ఉంది. అందులో వేలెడంత కాకర మొలక, రెండే రెండు ఆకులతో నిలబడి ఉంది. వెంకటరమణమ్మ దాన్ని చూసింది. విమలను చూసింది. ఎదురింటి అరుగు మీద ఖమర్‌బీ గుండీలు కుట్టడం ఆపేసింది. గోడ అవతల నారాయణ పగలబడి నవ్వుతున్నాడు.

వెంకటరమణమ్మ వంగి డబ్బాలో మట్టిని వేళ్లతో నలిపింది. “నీళ్లు మరీ ఎక్కువ పోస్తాండావు. యేరు కుళ్లిపోతాది. కింద రెండు బొక్కలు కొట్టు, ఎండ తగిలే తావుకు జరుపు. నీ సేద్యాన్ని నమ్ముకుంటే నా గిన్నె నాకొచ్చినట్టే!” అని గొణుక్కుంటూ, తిట్టుకుంటూ వెళ్లిపోయింది.

పది నిమిషాల తర్వాత మళ్లీ వచ్చింది. కొంగులోంచి ఇత్తడి మూత ఒకటి తీసి విమల చేతిలో పెట్టింది.

“మూత ల్యాకుండా బోర్లిస్తే గిన్నెలోకి బొద్దింకలు పోతాయి. ఇది కూడా ఆడే పెట్టుకో,” అంది.